చొక్కా పీలిక

తన తుపాకుల కొట్లో నార్బర్ట్ ఏ రివాల్వర్నీ నేరుగా చేతికివ్వడు. అద్దాల బల్ల మీద పాత తువ్వాలు పరిచి, గొట్టం గోడవైపు ఉండేలా దాని మీద పెట్టి, "చూసుకో" అంటాడు. చూసుకో అంటే అందచందాలు చూడమని కాదు. ముందు చక్రం తెరిచి, ఆరు బొక్కలూ ఖాళీగా ఉన్నాయో లేదో చూడమని. ఆ కొండల్లో తుపాకి పట్టిన ప్రతివాడికీ అది అన్నానికి ముందు చెయ్యి కడుక్కోవడంలాంటి అలవాటు. పక్కవాడు కళ్ళెదుటే తెరిచి చూసి ఇచ్చినా సరే, తన చేతికొచ్చాక తనూ తెరవాల్సిందే. తెరవనివాడికి పిల్లనైనా ఇస్తారేమో గాని తుపాకి ఇవ్వరు.

డెల్మర్ మొదటిదాన్ని తీసుకుని తెరిచాడు. ఆరు బొక్కల్లోంచీ కిటికీ వెలుగు కనిపించింది. మూసి, బరువు చూసి, గోడ మీది క్యాలెండర్ వైపు ఎత్తాడు.

"ఇది త్రీ ఫిఫ్టీ సెవెన్," అన్నాడు నార్బర్ట్. "ఆరంగుళాల గొట్టం. మంగళవారాలు క్లబ్బులో గురి కాగితాలు కొట్టుకోడానికి మెత్తటి తూటాలు వేసుకో. జింకకి గట్టివి వేసుకో. ఒకే తుపాకి, రెండు పనులు."

"మాకు కావాల్సింది అదే," అన్నాడు ఎమరీ.

నార్బర్ట్ కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "కొనేది ఎవరు?"

"మా బావే. నేను సలహాకి వచ్చా."

ఎమరీ అంటే డెల్మర్ భార్య ఫెర్న్‌కి అన్న. ముప్పై ఏళ్ళుగా కొండ మీది వేట క్యాంపుకి పెద్ద. ఎవరు ఏ చెట్టు కింద కూచోవాలో, పొయ్యి ఎవరు చూడాలో, ఎవరి చొక్కా కత్తిరించాలో అతను చెబుతాడు. గురి తప్పినవాడి చొక్కా వెనకభాగం కత్తిరించి, పేరూ తేదీ రాసి గోడకి మేకుతో కొట్టడం ఆ క్యాంపులో ఆచారం. గోడ నిండా పీలికలే. ఎమరీ పేరుతో ఒక్కటీ లేదు. డెల్మర్ పేరుతోనూ ఉండేది కాదు, నిరుటిదాకా.

"ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోకు," అన్నాడు నార్బర్ట్. "మీ నాన్న రైఫిల్ ఉండగా నీకిదెందుకు? దాన్ని మించింది ఈ కొట్లో లేదు."

"అది క్యాంపులో గోడకి వేలాడుతోంది. దూరం నుంచి కొట్టే యోగ్యత నాకు లేదని తేలిపోయిందిగా. ఇక నలభై అంగల్లోకి వస్తేనే కొడతా. రాకపోతే కూచుని కూచుని ఇంటికొచ్చేస్తా."

"ఒక్క జింకకా ఇంత శిక్ష?"

డెల్మర్ మళ్ళీ క్యాలెండర్ వైపు గురిపెట్టాడు. ముందు గుర్తూ వెనక గాడీ కలిసిన చోట క్యాలెండర్ అంకె కనిపించాలి. అతనికి దవడ కనిపించింది. నిరుడు కొట్టిన నాలుగో రోజున, వాగు దగ్గర ఆ మగజింక మూతి నీళ్ళలో పెట్టుకుని నిలబడి ఉంది. తాగలేదు. కింది దవడ కీలు ఊడిన తలుపులా వేలాడుతోంది. పది అంగల దగ్గరికి వెళ్ళినా పారిపోలేదు. దాని బాధ తీర్చింది అతనే. ఆ రైఫిల్ పట్టుకోవడం అదే ఆఖరు.

"మా బావ అలాంటి మనిషి," అన్నాడు ఎమరీ, డెల్మర్ భుజం తట్టి. "తప్పు చేస్తే తనే ఒప్పుకుంటాడు. అలాంటివాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు?"

"నలభై అంగలు మంచి లెక్కే," అన్నాడు నార్బర్ట్. "రివాల్వర్‌తో అంతకన్నా దూరం కొట్టడం జింకని కుంటిదాన్ని చెయ్యడమే. మీ క్యాంపులో ఆ కట్టుబాటు కూడా ఉందిగా."

"నేను పెట్టిందే," అన్నాడు ఎమరీ.

నార్బర్ట్ కింది అర తెరిచి ఇంకోటి తీశాడు. నల్లటిది, ఎనిమిదంగుళాల గొట్టం, వాల్‌నట్ చెక్క పిడి. "ఇది ఫార్టీఫోర్, దానికన్నా లావు గుండు. పక్క జిల్లాలో ఎవరో చనిపోతే ఆయన భార్య తెచ్చి..."

"అది వద్దు," అన్నాడు ఎమరీ.

తుపాకి ఇంకా తువ్వాలు మీదికి రానేలేదు.

"చూడనివ్వవయ్యా."

"మణికట్టు విరుగుద్ది. యాభై మూడేళ్ళొచ్చాయి వీడికి."

"విరిగితే ఆయనది విరుగుద్ది, నీదేం పోయింది?" అంటూ నార్బర్ట్ చక్రం తెరవబోయాడు. బొత్తాం కదల్లేదు. మళ్ళీ తోశాడు. మూడోసారి తిట్టాడు. "దీనికో జబ్బుంది. అందరి తుపాకుల్లా బొత్తాన్ని ముందుకి తోస్తే రాదు. గోరంత వెనక్కి లాగి, అప్పుడు ముందుకి తొయ్యాలి. ఇదిగో." టిక్, టిక్. చక్రం బయటికొచ్చింది. "నాకే పూటకోసారి మర్చిపోతుంది. బాగుచేద్దామంటే వేట మొదలయ్యేది శనివారం, నా బల్ల మీద నలభై తుపాకులు పడున్నాయి."

మూసి తువ్వాలు మీద పెట్టాడు. డెల్మర్ తీసుకున్నాడు. బొత్తాం నొక్కాడు, రాలేదు. వెనక్కి లాగడం ఎక్కువైంది, అప్పుడూ రాలేదు. నాలుగోసారికి వచ్చింది.

"జబ్బు తుపాకి మనకెందుకు బావా? ఆ చిన్నది తీసుకో," అని ఎమరీ గడియారం చూసుకున్నాడు. "నేను ట్రక్కులో ఉంటా."

డెల్మర్ పెద్దదాన్ని ఎత్తి పట్టుకున్నాడు. బరువు ముంజేతిలోకి దిగి అక్కడే కుదురుకుంది. గొట్టం చివర వణకలేదు.

"ఆలోచించుకుంటా," అన్నాడు.

ట్రక్కు లోయలోకి దిగుతుంటే అడిగాడు. "బావా, నిరుడు నువ్వు కొన్న ఫార్టీఫోర్ కూడా ఇలాంటిదేనా?"

"ఛ, అది వేరు. రబ్బరు పిడి."

"నేను దాన్ని చేత్తో పట్టుకోనేలేదు. ముందురోజు మీరంతా డబ్బాలు పెట్టి కొట్టుకుంటుంటే నేను మిల్లులో ఉన్నా. వచ్చేసరికి నీ కోటు కింద ఉంది."

"నువ్వేం పోగొట్టుకోలేదులే. పీడ. తుపాకుల సంతలో ఎవడికో అంటగట్టా."

"ఎవడికి?"

"మొహం కూడా గుర్తులేదు," అన్నాడు ఎమరీ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

*

మంగళవారం కలప మిల్లులో ఓక్ దుంగలు కోస్తున్నారు. డెల్మర్ గొలుసు దగ్గర నిలబడి, కదిలి వస్తున్న పచ్చి పలకల్ని ఒక్కోదాన్నీ లాగి, పొడుగు చూసి, దొంతర్లలో పేరుస్తున్నాడు. పందొమ్మిదేళ్ళ కుర్రాడి పని అది. తడి ఓక్ పలక నడుముని అడిగి మరీ లేస్తుంది.

పైన గాజు గదిలో రంపం నడిపేవాడి సీటుంది. ఇరవై రెండేళ్ళు అందులో డెల్మర్ కూచున్నాడు, నిరుటిదాకా. దుంగ బండి మీదికి దొర్లగానే ఒక్క చూపుతో దాని కడుపులో ఏముందో, ఎటు తిప్పితే మంచి పలక వస్తుందో చెప్పాలి. తప్పితే దుంగంతా పొట్టు. ఇప్పుడు అక్కడ కొత్తవాడు కూచుని, దుంగని రెండుసార్లు తిప్పి మూడోసారి మళ్ళీ మొదటికే తెస్తున్నాడు. డెల్మర్ కింది నుంచే పళ్ళు కొరుక్కున్నాడు. ముడి కనిపిస్తోంది కదరా, అటు తిప్పరా.

మధ్యాహ్నం టిఫిను డబ్బాలు విప్పుకున్నప్పుడు మిల్లు యజమానురాలు లొరెయిన్ వచ్చి పక్కన కూచుంది.

"వాడు నాకు రోజుకి రెండు దుంగలు తగలేస్తున్నాడు. ఇక దిగొచ్చి ఎక్కవయ్యా బాబూ."

"దిగొచ్చి ఎక్కడమేంటమ్మా?"

"బెట్టు దిగి, సీటెక్కు."

డెల్మర్ నవ్వాడు గాని తల అడ్డంగా ఊపాడు. "ఎనభై అంగల్లో నిలబడ్డ జింక గుండె కనపడనివాణ్ణి. రంపం పక్కన ఇంకో మనిషి నిలబడతాడు. నేను నా కళ్ళని నమ్మలేను."

"కళ్ళ డాక్టరు ఏమన్నాడు?"

"బాగున్నాయన్నాడు. వాడికేం తెలుసు?"

*

బుధవారం మిల్లుకి సగం పూటే. డెల్మర్ ఒక్కడే నార్బర్ట్ దగ్గరికి వెళ్ళాడు. కొట్టు వెనక మట్టికట్ట ఉంది, దాని ముందు కొయ్యలకి కాగితం పళ్ళేలు తగిలించి ఉంటాయి. నలభై అంగలు డెల్మరే కొలుచుకున్నాడు. మూడు తూటాలు చిన్నదాంట్లో వేసి కొట్టాడు, బాగానే ఉంది. తర్వాత పెద్దది అడిగాడు.

చెక్కబల్ల మీద ఇసుక సంచి పెట్టి, దాని మీద మణికట్లు ఆనించాడు. తుపాకి సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగాడు. గాజుపుల్ల విరిగినట్టు ఉంది ట్రిగ్గర్, ముందూ వెనకా ఏమీ లేదు. మొదటి మోతకి గొట్టం ఆకాశంలోకి లేచింది. చేతులు జిమ్మన్నాయి. రెండోసారికి దాని పొగరు అర్థమైంది. ఆరూ అయ్యాక చెవుల మీంచి మూతలు తీసి ఇద్దరూ పళ్ళెం దాకా నడిచారు.

ఆరు చిల్లులూ జామ్ సీసా మూత కింద దాగిపోయేంత చోటులో ఉన్నాయి.

నార్బర్ట్ పళ్ళేన్ని కొయ్య మీంచి పీకి వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. ఒక్కో చిల్లునీ వేలితో తడిమాడు. "డెల్మర్," అన్నాడు చివరికి, "ఎవరు చెప్పారు నీకు కళ్ళు పోయాయని?"

"ఇది దగ్గర. జింక దూరం."

"నా దగ్గరికి వారానికి యాభైమంది వస్తారు. దగ్గర కొట్టలేనివాడు దూరం కొట్టడు. దగ్గర ఇలా కొట్టేవాడు దూరం తప్పాడంటే, ఆ జింకే కదిలుండాలి."

డెల్మర్ వినిపించుకోలేదు. రివాల్వర్ వెచ్చగా ఉండగానే తుడవడం మొదలుపెట్టాడు. పొడుగాటి పుల్లకి గుడ్డముక్క చుట్టి ఒక్కో బొక్కలోంచీ తోస్తుంటే, నల్లటి మసితోపాటు ఏదో ఎర్రగా అంటుకుని వచ్చింది. వేలితో రుద్దాడు. జిడ్డు.

"ఇదేంటి? రక్తంలా ఉంది."

"మైనం. నేను రెండుసార్లు కడిగినా మూలల్లో ఉండిపోయింది. వెనకటి ఆసామీ ఎవడో ఇంట్లో పోసుకున్న సీసపు గుండ్లు కొట్టాడు. సీసం గొట్టానికి అంటకుండా వాటికి మైనం పూస్తారుగా. ఇలా ఎర్రది పూసినవాణ్ణి నేనెప్పుడూ చూళ్ళేదు."

డెల్మర్ చూశాడు. క్రిస్మస్ అయ్యాక మిగిలిపోయిన ఎర్ర కొవ్వొత్తుల్ని చింతపండు రసంలా కరిగించి, సీసపు గుండ్లని వరసగా అందులో ముంచేవాడు ఒకడున్నాడు. వాడి గ్యారేజీలో స్టూలు మీద కూచుని కబుర్లు చెబుతూ, ఆ గుండ్లు ఆరబెట్టడానికి తనే సాయం చేశాడు.

ఊళ్ళో కొవ్వొత్తులకేం కొదవ అనుకున్నాడు. గుడ్డముక్కని మాత్రం పారెయ్యకుండా జేబులో పెట్టుకున్నాడు.

*

తెల్లారితే థాంక్స్‌గివింగ్ పండగ. టర్కీ కడుపులో కూరడానికి రెండు పౌన్ల సాసేజి తెమ్మంది ఫెర్న్. వేట రోజుల్లో లోయలోని జింకలన్నిటినీ కోసిపెట్టే ఆర్విల్లా, మిగతా ఏడాదంతా సాసేజి అమ్ముతుంది. ఆమె గ్యారేజీలో అడుగుపెట్టేసరికి మిరియాల ఘాటూ చల్లటి మాంసం వాసనా ఒక్కసారి తగిలాయి. రబ్బరు బూట్లు వేసుకుని, శనివారం నుంచి రాబోయే జింకల కోసం కత్తులు నూరుకుంటోంది.

"రా తమ్ముడూ. ఈసారి నీ జింకని నువ్వే తిను. నిరుడు ఒక్క ముక్కా ముట్టలేదట కదా."

"గొంతు దిగలేదక్కా."

"నీ తప్పేముంది అందులో? దాన్ని బాధ నుంచి తప్పించినవాడివి నువ్వు." ఆమె సాసేజి తూచి కాగితంలో చుట్టింది. కిటికీ గట్టు మీద సీసా ఉంది. పాతికేళ్ళుగా జింకల్లోంచి ఏరిన గుండ్లన్నీ అందులో వేస్తుంది. అన్నీ రాగితొడుగు రైఫిల్ గుండ్లు, పూలలా విచ్చుకుని. "దాన్ని పారెయ్యలేదు నేను. ఒకటే ఉంది అలాంటిది."

"దేన్ని?"

"దవడ కీలులో ఇరుక్కున్నదాన్ని." సీసా వంచి, వేలితో కెలికి, ఒకటి తీసి అతని అరచేతిలో పెట్టింది.

రాగి లేదు. బూడిదరంగు సీసం, వేలికొనంత లావు. ముక్కు చదునుగా ఉంది, ఒక పక్క ఎముకకి కొట్టుకుని నలిగింది. నలగని పక్క రెండు గాడులున్నాయి. గాడుల్లో సన్నటి ఎర్రగీత.

"ఇది నా రైఫిల్‌ది కాదు," అన్నాడు డెల్మర్.

"కాదనేగా చెబుతున్నా. నీది మెడలో దొరికింది, ఆఖర్న కొట్టినది. ఇది రివాల్వర్‌ది. మాంసం తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు ఎమరీకి చూపించాను. వాడికి నేను చెప్తాలే అన్నాడు." ఆమె కత్తి నూరడం ఆపింది. "చెప్పలేదా?"

డెల్మర్ గుండుని పిడికిట్లో మూశాడు.

"చెప్పాడు," అన్నాడు డెల్మర్. "చెప్పాడక్కా. నేనే మర్చిపోయా. ఇది నాకిస్తావా?"

ట్రక్కులో కూచున్నాడు గాని తాళం తిప్పలేదు. ఏడాదిగా రోజూ అరగదీసిన ఆ ఉదయాన్ని మళ్ళీ తెరిచాడు. ఎనభై అంగల్లో జింక పక్కకి తిరిగి నిలబడింది. గురి భుజం వెనక కుదిరింది. అప్పుడు అది తల విదిలించింది. ఆ తర్వాతే తన వేలు ట్రిగ్గర్‌ని నొక్కింది. తర్వాతే. ఆ రోజు మోత మామూలుకన్నా పొడుగ్గా వినిపించింది. ఇద్దరు ఒకే మాట అన్నట్టు. ఎమరీ కింది లోయలోంచి ఆయాసపడుతూ ఎక్కి వచ్చాడు. అక్కణ్ణుంచి జింక దగ్గరికి తొంభై అంగలుంటుంది. "కొండ ప్రతిధ్వని," అన్నాడు. "నేను చూశా బావా, నీ దెబ్బ దవడకి తగిలింది. అయ్యో, దవడకి." మంచులో చేతులు నలుపుకుని డెల్మర్ వీపు నిమిరాడు. సాయంత్రం డెల్మర్ చొక్కాని ఎమరీయే కత్తిరించి, నీలం గళ్ళ గుడ్డ మీద అక్షరాలు దిద్దాడు.

తన కళ్ళు చూసినదాన్ని తను నమ్మలేదు. బావ మాట నమ్మాడు.

*

పండగ భోజనానికి ఎమరీ ఆపిల్ పై తెచ్చాడు. భార్య పోయాక ప్రతి ఏడూ ఇక్కడే తింటాడు. టర్కీ కోసేది అతనే, ప్రార్థన చెప్పేదీ అతనే. తల వంచి, కళ్ళు మూసుకుని, ఫెర్న్ ఆరోగ్యానికీ, మంచి మంచు పడినందుకూ, "మా బావకి మళ్ళీ అడవిలోకి వచ్చే ధైర్యం ఇచ్చినందుకూ" కృతజ్ఞతలు చెప్పాడు. డెల్మర్ కళ్ళు మూసుకోలేదు. పళ్ళెం ముందు చేతులు జోడించిన ఆ మనిషి బొటనవేలి గోరునే చూస్తూ కూచున్నాడు.

"ఏది తీసుకున్నావు చివరికి?" అడిగాడు ఎమరీ, రొమ్ముమాంసం పలచగా కోసి అతని పళ్ళెంలో వేస్తూ.

"రేపు తీసుకుంటా."

"చిన్నదేగా?"

"నీ మాట నేనెప్పుడు కాదన్నాను బావా?"

"ఆయనకి తిండి సహించట్లేదన్నయ్యా," అంది ఫెర్న్. "నిన్నట్నుంచీ ఇదే వరస. మళ్ళీ ఆ జింకే గుర్తొస్తున్నట్టుంది."

"ఊరుకోమ్మా, సర్దుకుంటాడు," అన్నాడు ఎమరీ. గ్రేవీ గిన్నె డెల్మర్ వైపు జరిపాడు. చుక్క కూడా తొణకలేదు.

నోటిదాకా వచ్చింది. కాని ఇక్కడ అంటే ఏమవుతుంది? ఫెర్న్ ఏడుస్తుంది, ఎమరీ ఏదో ఒకటి అల్లుతాడు, అక్కడితో సరి. క్యాంపులో అనాలి. ఆ గోడ ముందు, లాయిడ్ ముందు, వెండెల్ ముందు. పాతికేళ్ళు కలిసి తిన్నవాళ్ళు. తన చొక్కా కత్తిరిస్తుంటే నవ్వకుండా నిలబడ్డవాళ్ళు. వాళ్ళకి తెలియాలి. తెలిస్తే ఎమరీ చొక్కా వాళ్ళే కత్తిరిస్తారు.

డెల్మర్ టర్కీ ముక్క నమిలి మింగాడు.

*

శుక్రవారం పొద్దున నార్బర్ట్ ఫారం నింపించి, ఫోను చేసి, అనుమతి వచ్చాక ఫార్టీఫోర్‌ని తువ్వాలుతో సహా చుట్టి ఇచ్చాడు. "మంచిది ఎంచుకున్నావు," అన్నాడు.

డెల్మర్ క్యాంపు చేరేసరికి నాలుగు కావస్తోంది. పొయ్యి మీద పందిమాంసం వేసిన చిక్కుడు సూపు ఉడుకుతోంది. పొడుగాటి లాయిడ్ కూచుని బూట్లకి నూనె రాస్తున్నాడు. అందరికన్నా పెద్దవాడు వెండెల్ ఉల్లిపాయలు తరుగుతూ ముక్కు ఎగబీలుస్తున్నాడు. ఎమరీ కట్టెలు పేరుస్తున్నాడు. గోడ మీద పీలికలు, వాటి పైన రెండు మేకుల మీద డెల్మర్ నాన్న రైఫిల్. దాని కిందే నీలం గళ్ళ గుడ్డ.

"వచ్చాడు మన పిస్తోలు దొర!" అన్నాడు లాయిడ్. "రేపు జింకని పిలిచి దగ్గర కూచోబెట్టుకుని కొడతాడట."

"ముందు కాఫీ ఇచ్చి మరీ కొడతాడు," అన్నాడు వెండెల్.

డెల్మర్ కూడా నవ్వాడు. కోటు విప్పలేదు. బల్ల మీద ఉప్పుడబ్బా జరిపి, తువ్వాలు పెట్టి, విప్పి, గొట్టం గోడవైపు తిప్పాడు.

"చూసుకోండి," అన్నాడు.

ఎమరీని చూస్తున్నాడు. ఎమరీ చేతిలో కట్టె అలాగే ఉండిపోయింది. ఇప్పుడు వీళ్ళ ముందు అడుగుతాను, అనుకున్నాడు డెల్మర్. పక్కన లాయిడ్ నూనె చేతులు ప్యాంటుకి తుడుచుకుని రివాల్వర్ అందుకున్నాడు.

"పిడి బాగుంది," అంటూనే తెరిచాడు. టిక్, టిక్. ఆరు బొక్కలూ చూసి, మూసి, వెండెల్‌కి అందించాడు.

"ఉల్లిపాయ చేతులురా బాబూ," అన్నాడు వెండెల్. అయినా తీసుకున్నాడు. మాట ఆపకుండా, తుపాకి వైపు చూడకుండా, ముసలి బొటనవేలు గోరంత వెనక్కి వెళ్ళి ముందుకొచ్చింది. టిక్, టిక్. చక్రం బయటికొచ్చింది.

డెల్మర్ ఎమరీని చూడటం మర్చిపోయాడు.

నార్బర్ట్‌కి మూడుసార్లు పట్టింది. తనకి నాలుగుసార్లు. అమ్మేవాడే పూటకోసారి మర్చిపోతాడు. వీళ్ళిద్దరి వేళ్ళకీ దాని జబ్బు తెలుసు. నిరుడు డబ్బాలు కొట్టినప్పుడు నేర్చుకుని ఉంటాయి, సరే. పిడి మారినా వేలు పోల్చుకుంది, అదీ సరే. మరి నోళ్ళకేమైంది? ఇది ఎమరీది కదా అని, నీకెలా వచ్చిందిరా అని, ఒక్కడూ అడగడేం?

సూపు పొంగి పొయ్యి మీద చుయ్యిమంది. ఎవరూ కదల్లేదు. వెండెల్ తెరిచి ఉన్న చక్రాన్ని చూశాడు, తన బొటనవేలిని చూసుకున్నాడు. తుపాకిని తువ్వాలు మీద మెల్లగా పెట్టాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు డెల్మర్.

వెండెల్ సూపు గిన్నెని మంట మీంచి పక్కకి జరిపాడు.

"లాయిడ్. ఎప్పట్నుంచి?"

లాయిడ్ బూటు తీసుకుని మళ్ళీ పెట్టేశాడు. "మాంసం పంచుకున్న రోజునుంచి. ఆర్విల్లా మాటని ఎమరీయే చెప్పాడు. తాగి ఏడ్చాడు."

"చెప్పేద్దామనే అనుకున్నాం రా," అన్నాడు వెండెల్. "కాని నువ్వేమో అప్పటికే ఒప్పేసుకుని, రైఫిల్ గోడకి తగిలించేసి... ఎంత పెద్దమనిషిలా తీసుకున్నావో! దాన్నెలా కదపడం?"

"నేను ఒప్పుకోవడం తప్పన్నమాట."

"అలా కాదురా..."

"మిల్లులో సీటు దిగిపోయినప్పుడు? అప్పుడూ పెద్దమనిషినేనా?"

ఎమరీ కట్టె కింద పెట్టాడు. మొహం పాలిపోలేదు, ఎర్రబడలేదు. అలసిపోయినట్టుంది, అంతే. "తొంభై అంగలుంటుంది బావా. కొట్టకూడదు. నేను పెట్టిన కట్టుబాటే. వేలు ఆగలేదు. ముప్పై ఏళ్ళలో నాకు ఒక్క పీలికా లేదు."

"నాకూ లేదు."

"తెలుసు. కాని నీకు ఒకటి పడితే ఏమైంది? గుడ్డముక్కే కదా? ఈ ఏడాదిలో నిన్నెవడైనా చిన్నచూపు చూశాడా, చెప్పు?"

"నేను చూశాను," అన్నాడు డెల్మర్.

అతను బల్ల చుట్టూ తిరిగి గోడ దగ్గరికి వెళ్ళాడు. నాన్న రైఫిల్ని దించి, తెరిచి, ఖాళీగా ఉందో లేదో చూసి, చంకలో పెట్టుకున్నాడు. రివాల్వర్ని కూడా తెరిచి చూసి, మూసి, ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కమ్మితో ఖాళీ అయిన మేకుకి తగిలించాడు. అది నీలం గళ్ళ గుడ్డ మీదికి వేలాడింది.

"ఆ పీలిక తీసెయ్ బావా," అన్నాడు ఎమరీ. గోడ వైపు ఒక అడుగు వేశాడు. "తీసెయ్, పొయ్యిలో పడేద్దాం. నేనే తీస్తా."

"ముట్టుకోకు. నీ దస్తూరీ, నా పేరు. ఉండనీ."

జేబులోంచి సీసపు గుండు తీసి ఉప్పుడబ్బా పక్కన పెట్టాడు. తన కాఫీ కప్పు మేకుకి వేలాడుతోంది, దాన్ని మాత్రం తీసుకున్నాడు.

బయట వెలుతురు ఇంకా ఉంది. మంచు మీద పాత అడుగుజాడలు గట్టిపడి కాలికి గుచ్చుకుంటున్నాయి. ట్రక్కు దగ్గర ఆగి, కప్పు బానెట్ మీద పెట్టి, రైఫిల్ భుజానికి ఎత్తాడు. ఏడాది తర్వాత దాని చెక్క చెంపకి చల్లగా తగిలింది. ఎనభై అంగల అవతల బిర్చ్ చెట్టు. తెల్లటి బెరడు మీద నల్లటి చారలు, వాటి మధ్య ఎండిపోయిన కన్నులాంటి ముడి. ముడి చుట్టూ గీతలు లెక్కపెట్టొచ్చు. లెక్కపెట్టాడు. పదకొండు.

కళ్ళు బాగానే ఉన్నాయి. ఎప్పుడూ బాగానే ఉన్నాయి.

రైఫిల్ దించాడు. వెనక క్యాంపు తలుపు తెరుచుకోలేదు. ఎవరూ పిలవలేదు. గోడ చెక్కల సందుల్లోంచి మాట కూడా వినిపించలేదు. కాసేపటికి చిన్న చప్పుడు మాత్రం వచ్చింది. టిక్, టిక్.

ఎవరో దాన్ని మేకు మీంచి దించి, చూసుకుంటున్నారు.